మనం లేని ఇంట పురుడు పోసిందెవరు?

రాత్రి పదకొండు దాటాక క్యాంపు రూమ్‌లో ఫోన్ మోగితే పడుకున్నవాళ్లంతా లేచి కూర్చుంటారు. ఇక్కడ పదకొండంటే మన ఊళ్లో ఒంటిగంటన్నర. ఆ వేళప్పుడు ఇంటి నుంచి ఫోన్ వచ్చిందంటే కబురు రెండే రకాలు. ఎవరైనా పోయి ఉండాలి, లేదంటే ఎవరైనా పుట్టి ఉండాలి. రెండోదైతే రూమంతా పండగే. మర్నాడు బకాలాకు పోయి స్వీటు డబ్బా తెస్తారు. పై బెడ్డు మీది తమ్ముడు, పక్క రూమ్‌లోని బెంగాలీ భాయ్, బస్సు నడిపే పాకిస్తానీ చాచా అందరూ నోరు తీపి చేసుకుంటారు. తండ్రయినవాడు మాత్రం ఫోన్‌లో బిడ్డ ముఖం చూసుకుంటూ ఓ మూల కూర్చుంటాడు. ఆ బిడ్డను ఎత్తుకునేది మళ్లీ వెకేషన్ దొరికినప్పుడే. అది ఏడాదికో, రెండేళ్లకో.

ఆసుపత్రి ఖర్చుకు పైసలు మనమే పంపాం. నిజమే. కానీ నొప్పులు మొదలైన రాత్రి ఆమె చెయ్యి పట్టుకున్నదెవరు? బండి పిలిచిందెవరు? తొమ్మిది నెలలూ ఆమె తిన్నదా లేదా అని అడిగిందెవరు? పుట్టిన బిడ్డను తూకం వేసి, సూది మందు ఎప్పుడు వేయించాలో గుర్తు చేసిందెవరు? నలభై, యాభై ఏళ్లుగా మనం గల్ఫ్ బాట పట్టి వస్తున్నాం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో తండ్రి దగ్గర లేకుండా పుట్టిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లందరినీ నేల మీదికి తెచ్చిన చేతులకు ఒక చరిత్ర ఉంది. మన సంపాదన గురించి అందరూ రాస్తారు. ఈ వారం ఆ చేతుల గురించి రాయాలనుకున్నాం.

మంత్రసాని హస్తవాసి

మన అమ్మమ్మల కాలంలో పురుడు ఇంట్లోనే. తొలిచూలు అయితే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకుపోయేవారు. అది కేవలం ఆచారం కాదు. అత్తారింట్లో కోడలికి పని తప్పదు, పుట్టింట్లో అయితే కూతురికి విశ్రాంతి దొరుకుతుంది. ఎవరు కట్టిన నియమమో గానీ అనుభవం మీద కట్టిందే. పురుడు పోసేది మంత్రసాని. చాలా ఊళ్లలో ఆమె చాకలి, మంగలి వంటి వృత్తి కులాల ఇళ్ల నుంచో, దళితవాడ నుంచో వచ్చేది. కూలి గింజల రూపంలో ఇచ్చేవారు, మీద ఓ చీర పెట్టేవారు. నొప్పులు పడుతున్నప్పుడు ఆమె చేతిలో ప్రాణం పెట్టిన ఇల్లే పురిటి స్నానం అయ్యాక ఆమెను గడప అవతల నిలబెట్టేది. ఆ అన్యాయాన్నీ మరిచిపోకూడదు.

పాతకాలమంతా బంగారమని మేం చెప్పబోవడం లేదు. మంత్రసానికి హస్తవాసి ఉండేది, ఓర్పు ఉండేది. కానీ బిడ్డ అడ్డం తిరిగితే, రక్తం ఆగకపోతే ఆమె చేయగలిగింది చాలా తక్కువ. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే ధనుర్వాతం వచ్చి వారం తిరక్కుండానే బిడ్డ పోయేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1951 ప్రాంతంలో, మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 146 మంది దాకా మొదటి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసేవారని లెక్కలు చెబుతాయి. అంటే ఏడుగురిలో ఒకరు. మన తాతమ్మలు "ఎంతమంది పిల్లలు?" అని అడిగితే "కన్నది ఎనిమిది మందిని, దక్కింది ఐదుగురు" అని రెండు లెక్కలు చెప్పేది ఇందుకే. తల్లులకూ బిడ్డలకూ వచ్చే ధనుర్వాతం మన దేశంలో దాదాపు లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది 2015లో మాత్రమే.

ఒక పనిమనిషి చావు, ఒక ఆసుపత్రి పుట్టుక

హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి తెలియని తెలంగాణ కుటుంబం ఉండదు. పిల్లాడికి ఏదైనా గట్టి జబ్బు చేస్తే "నిలోఫర్‌కు తీసుకుపొండి" అంటారు. ఆ పేరు ఒక రాకుమారిది. తుర్కీ ఉస్మానియా రాజవంశంలో పుట్టిన నిలోఫర్, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజ్జంజాను 1931లో పెళ్లాడి హైదరాబాద్ వచ్చింది. ఆమెకు పిల్లలు కలగలేదు. ఆమెకు ఎంతో ఇష్టమైన పనిమనిషి ఒకామె కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయిందని, ఆ దుఃఖంలోంచే తల్లీబిడ్డల కోసం ఆసుపత్రి కట్టించాలని ఆమె పట్టుబట్టిందని హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1953లో ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి.

అదే కాలంలో కోస్తా నుంచి మరో మహిళ ఇదే పని మరో దారిలో చేసింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు, పని నేర్పడంతో పాటు ఆసుపత్రి, నర్సుల శిక్షణ కూడా ఆ సంస్థ చేతుల్లోకి వచ్చాయి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆమే మొదటి అధ్యక్షురాలు. ఆ మరుసటి ఏడాది నుంచి బోర్డు పల్లెల్లో నడిపిన సంక్షేమ కేంద్రాల్లో చిన్నపిల్లలకు బాలవాడి, గర్భిణులకు ప్రసూతి సాయం, ఆడవాళ్లకు చేతిపనులు ఉండేవి. పల్లెలో తల్లికి, బిడ్డకు ఒకే చోట, ఊరి ఆడవాళ్ల చేతనే సాయం అందించాలన్న ఆలోచన అలా వేళ్లూనుకుంది. కానీ ఆ కేంద్రాలు కొన్ని ఊళ్లకే దక్కాయి. మిగతా ఊళ్లు ఇంకో ఇరవై ఏళ్లు, అంతకన్నా ఎక్కువే ఎదురు చూడాల్సి వచ్చింది.

మన వీసా, వాళ్ల అంగన్‌వాడీ

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఈ ఎడారి దేశాల్లో రోడ్లు, ఓడరేవులు, నగరాలు లేవడం మొదలైంది. మన ఊళ్ల నుంచి మేస్త్రీలు, కార్పెంటర్లు, కూలీలు బొంబాయి మీదుగా ఇటు రావడం అప్పుడే ఊపందుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1975 అక్టోబరు 2న, భారత ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని మొదలుపెట్టింది. ఐసీడీఎస్ అంటే అదే. మొదట దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లోనే. మనం ఇల్లు వదిలిన కాలంలోనే మన ఇళ్లకు అండగా నిలిచే మనిషిని ఊళ్లోనే తయారు చేయడం మొదలైందన్నమాట. ఇది ఎవరూ ప్లాన్ చేసింది కాదు, కాలం అలా కలిసొచ్చింది.

ఆ మనిషి పేరు అంగన్‌వాడీ కార్యకర్త. మన ఊళ్లలో పిల్లలు టీచరమ్మ అంటారు. ఆమె ఆ ఊరి ఆడబిడ్డో, కోడలో అయి ఉంటుంది. పక్కన సాయం చేసే ఆయా. పని ఆరు రకాలు. గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు పోషకాహారం పెట్టాలి. టీకాలు వేయించాలి. ఆరోగ్య పరీక్షలు చేయించాలి. అవసరమైతే పెద్దాసుపత్రికి పంపాలి. మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో చదువు మొదలెట్టాలి. తల్లులకు తిండి, ఆరోగ్యం గురించి చెప్పాలి. ఎవరి కడుపులో ఎన్నో నెలో, ఎవరి బిడ్డ ఎంత బరువుందో ఆమె రిజిస్టర్‌లో ఉంటుంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55 వేలు, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి.

ఇంత పని చేయించుకుని ప్రభుత్వం ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. ఉద్యోగి అనదు, కార్యకర్త అంటుంది. కాగితం మీద ఒక పేరు, పనిలో ఇంకో పేరు ఉండడం అంటే ఏమిటో ఇకామా మీద లేబర్ అని రాసి వెల్డింగ్ చేయించుకునే చోట పనిచేసిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ ఆడవాళ్లు 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా చట్టం ప్రయోగించినా వెనక్కి తగ్గలేదు. మన ఇంటి పురుళ్ల లెక్క రాసే మనిషి తన కూలి కోసం నెలా పన్నెండు రోజులు రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చిందని గుర్తుంచుకుందాం.

బిచ్చం కాదు, హక్కు

చాలాకాలం ఈ తిండిని దయతో పెట్టేదిగానే అందరూ చూశారు. పెట్టిననాడు తినాలి, పెట్టనినాడు ఊరుకోవాలి. ఆ చూపు మారింది కోర్టులో. 2001లో దేశంలో కొన్నిచోట్ల కరువుతో జనం అల్లాడుతుంటే ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోందని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అంగన్‌వాడీ తిండి గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు హక్కు అయింది. 2006 డిసెంబరు 13న మరో ఉత్తర్వు వచ్చింది. దేశంలో అంగన్‌వాడీలను 14 లక్షలకు పెంచాలని, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని పల్లె గానీ బస్తీ గానీ అడిగితే మూడు నెలల్లో పెట్టాలని అందులో ఉంది. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు ఉచిత భోజనాన్ని, కనీసం 6,000 రూపాయల ప్రసూతి సాయాన్ని చట్టంలోనే రాసింది.

మనలో కొందరికి ఇది నచ్చదు. "గల్ఫ్‌లో సంపాదిస్తున్నాను, నా భార్య అంగన్‌వాడీకి పోయి గుడ్డు తెచ్చుకోవడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు" అంటారు. ఆ మాట మనం మానుకోవాలి. అక్కడ ఆమెకు దొరికేది ఒక్క గుడ్డు కాదు. నెలనెలా బరువు చూసే కన్ను, నలుగురు ఈడు ఆడవాళ్ల తోడు, ఏదైనా తేడా వస్తే పైకి కబురు పెట్టే మనిషి. ఇవి వెస్టర్న్ యూనియన్‌లో పంపితే వెళ్లేవి కావు.

కోడలు కడుపునిండా తినే చోటు

ఇక్కడొక చిక్కు ఉంది. గర్భిణికని ఇంటికి బియ్యం, పప్పు, పిండి ఇస్తే ఏమవుతుంది? అది ఇంటిల్లిపాదికీ వండుతారు. మన ఇళ్లలో కోడలు తినేది అందరి తర్వాతే. గిన్నెలో మిగిలిందే ఆమె వాటా. మొగుడు దేశంలో లేని ఇంట్లో ఈ సంగతి అడిగేవాడూ ఉండడు. పంపిన పైసలు బాకీలకు, ఇంటి స్లాబుకు, చెల్లెలి పెళ్లికి పోతుంటే, ఆమె రక్తం తగ్గి పాలిపోతున్నా ఫోన్‌లో మాత్రం "మంచిగనే ఉన్న" అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ మన రెండు రాష్ట్రాల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది.

ఈ చిక్కుకు మందు కనిపెట్టింది పొదుపు సంఘాల ఆడవాళ్లు. ఆ సంఘాల వెనక పెద్ద కథే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని దాచుకుందామని నెల్లూరులో పొదుపులక్ష్మి మొదలైంది. 2000 తర్వాత వెలుగు, ఆ తర్వాత ఇందిర క్రాంతి పథం పేర్లతో అవి ఊరూరా గ్రామ సంఘాలయ్యాయి. 2007 నుంచి కొన్ని ఊళ్లలో ఆ గ్రామ సంఘాలే గర్భిణులకు, బాలింతలకు పోషకాహార కేంద్రాలు నడిపాయి. ఊళ్లోనే ఒక ఇల్లు తీసుకుని, సంఘం మనిషే వండి, గర్భిణులను పిలిచి కూర్చోబెట్టి కడుపునిండా వడ్డించేవారు. తిన్నవాళ్లు కొంత కట్టేవారు, మిగతాది సంఘం సర్దేది. కిటుకు అంతా "అక్కడే కూర్చుని తినాలి" అన్న ఒక్క మాటలో ఉంది. అక్కడ తింటే ఆమె తిండి ఆమె కడుపులోకే పోతుంది.

ప్రభుత్వాలు ఈ పద్ధతిని తర్వాత అందుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృత హస్తం పేరుతో, తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్య లక్ష్మి పేరుతో అంగన్‌వాడీలోనే ఒక పూట నిండు భోజనం పెట్టారు. అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, తిన్నాక అక్కడే మింగాల్సిన ఐరన్ మాత్ర. 2020లో కరోనా వచ్చి కేంద్రాలు మూతపడ్డప్పుడు మళ్లీ ఇంటికే సరుకులు ఇచ్చారు. అప్పుడు ఆ సరుకులు ఎవరి కంచంలోకి పోయాయో ఏ లెక్కలోనూ ఉండదు.

గోదావరి అవతలి పాఠం

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడా తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. 1986లో అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. అడవి ఊళ్లు, రోడ్డు లేదు, ఆసుపత్రి దూరం. పుట్టిన నెలలోపే పిల్లలు పోతున్నారు. డాక్టర్లను ఊరూరికీ తేలేం గనక ఊరి ఆడవాళ్లకే నేర్పుదామనుకున్నారు. 39 ఊళ్లలో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. బిడ్డను తూకం వేయడం, వెచ్చగా ఉంచడం, ఊపిరాడకపోతే ఏం చేయాలో, చీము పట్టే జబ్బు గుర్తులేమిటో, అవసరమైతే సూది ఎలా వేయాలో నేర్పారు. 1995లో మొదలైన ఆ పని మూడేళ్లు తిరిగేసరికి, పక్క ఊళ్లతో పోలిస్తే నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్య పత్రిక ఆ ఫలితాలను అచ్చువేసింది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై ఊరికో ఆశా కార్యకర్త వచ్చింది. 2011 నుంచి గడ్చిరోలి పద్ధతిలోనే ఆశాలు ఇంటికొచ్చి బిడ్డను చూడడం దేశమంతటికీ విస్తరించింది. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా రావాలి. 2005 ఆగస్టు 15న 108 బండి మన రాష్ట్రంలో రోడ్డెక్కింది. అర్ధరాత్రి నొప్పులొస్తే ఎడ్లబండి కోసం, ఊరి పెద్ద జీపు కోసం వెతుక్కునే రోజులు పోయాయి.

ఫలితం లెక్కల్లోనే కనిపిస్తుంది. 2001-03 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగింది. ఇరవై ఏళ్లు తిరక్కముందే నాలుగో వంతుకు తగ్గింది. ఇందులో డాక్టర్ల పాత్ర పెద్దదే. కానీ ఆ తల్లిని వేళకు డాక్టర్ దాకా చేర్చింది మాత్రం ఊళ్లోని టీచరమ్మ, ఆశా, ఏఎన్ఎం.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఆసుపత్రికి చేరడంతోనే అంతా అయిపోలేదు. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 100లో 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. కానీ 100లో 60 కడుపు కోతలే. దేశంలో ఇదే ఎక్కువ. కోత అవసరమైన చోట అది ప్రాణం కాపాడుతుంది. అవసరం లేని చోట అది బాలింత ఒంటికి గాయం, ఇక్కడ మన ఓవర్‌టైమ్‌కు గండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే నామోషీ అని ప్రైవేటుకు పంపి అప్పులపాలైన వాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉన్నారు.

ఈ గడ్డ మీది కాపురాలు

భార్యాపిల్లలను వెంట తెచ్చుకునే అవకాశం మనలో చాలామందికి లేదు. మన ఇకామా మీది వృత్తికి, మన జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. తెచ్చుకున్నవాళ్లకూ ఇక్కడ అత్తా లేదు, అమ్మా లేదు, టీచరమ్మా లేదు. రియాద్, జెద్దా, దమ్మామ్ ఫ్లాట్లలో పక్కింటి వదినే పెద్ద దిక్కు. ఆమె తెలుగావిడ కావచ్చు, మలయాళీ కావచ్చు, హైదరాబాదీ ఆపా కావచ్చు. బాలింతకు పథ్యం వండి పంపేదీ, పెద్దపిల్లను రెండు రోజులు తన ఇంట్లో ఉంచుకునేదీ ఆమే.

2017 జులై నుంచి ఇక్కడి ప్రభుత్వం మనిషికి నెలకు 100 రియాళ్ల చొప్పున కుటుంబ సభ్యుల మీద ఫీజు పెట్టింది. అది ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. ఎన్నో కుటుంబాలు సామాను అమ్ముకుని ఇండియాకు తిరిగిపోయాయి. వాళ్లతో పాటే ఆ పక్కింటి వదిన కూడా పోయింది. 2020 వసంతంలో విమానాలు ఆగిపోయినప్పుడు నెలలు నిండుతున్న గర్భిణులు ఇక్కడ చిక్కుకుపోయారు. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు ముందు వరసలో గర్భిణులకు చోటిచ్చారు. ఎంబసీ జాబితాలో పేరు రాయించడం నుంచి ఎయిర్‌పోర్టులో దించడం దాకా సాయం చేసింది మన సామాజిక కార్యకర్తలే.

ఇక కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వచ్చిన అక్కచెల్లెళ్ల సంగతి వేరు. మన ఇళ్లలో తండ్రి లేడు, వాళ్ల ఇళ్లలో తల్లే లేదు. వాళ్ల పసిపిల్లలను సాకుతున్నది అమ్మమ్మలు. పరాయి పిల్లలకు పాలు కలిపే చేతులు సొంత బిడ్డను ఫోన్‌లో జోకొడతాయి. సౌదీ కార్మిక చట్టం ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2005 నుంచి పది వారాలు, 2025 ఫిబ్రవరి నుంచి పన్నెండు వారాలు ప్రసూతి సెలవు ఇస్తోంది. ఇంటి పనివాళ్లు మాత్రం ఆ చట్టం కిందికి రారు, వాళ్లకు నిబంధనలు వేరు.

అదే చట్టంలో తండ్రికీ ఓ మాట ఉంది. బిడ్డ పుడితే జీతంతో మూడు రోజులు సెలవు. 2015 సవరణ దాకా అది ఒక్క రోజే. మూడు రోజుల్లో జగిత్యాల పోయి రాలేం. అయినా ఆ సెలవు మన హక్కు. అడిగి తీసుకుని ఆ మూడు రోజులూ ఫోన్ దగ్గరుందాం. ఇంట్లో వాళ్లకు అప్పుడే మన అవసరం ఎక్కువ.

మనం చేయగలిగింది

డబ్బు అందిందా అని అడగడం ఒక్కటే భర్త పని కాదు. ఈసారి ఫోన్‌లో ఈ మాటలు కూడా అడుగుదాం. మూడో నెల దాటకముందే అంగన్‌వాడీలో, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకున్నావా? తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇచ్చారా? రక్తం ఎంత ఉందన్నారు? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా? ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు డాక్టర్ చూస్తారు, 2016 నుంచి ఈ ఏర్పాటు ఉంది, వెళ్లావా? రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, జ్వరం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, ఉమ్మనీరు పోవడం. వీటిలో ఏది కనిపించినా నాకు ఫోన్ చేసి అడగడానికి ఆగొద్దు, 108కు చెయ్యి అని ముందే చెప్పి ఉంచుదాం. "ఆయనను అడిగి చెబుతాం" అంటూ మన ఫోన్ కలిసేదాకా కాచుకుని గంటలు పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

అమ్మకు, అత్తకు కూడా ఒక మాట చెబుదాం. కోడలు ముందు తింటే ఇంటి పరువు పోదని కొడుకు నోట వినడం వేరు. టీచరమ్మకు, ఆశా అక్కకు నెలకోసారి మనమే ఫోన్ చేసి "మా ఇంట్లో ఎలా ఉందక్కా?" అని అడుగుదాం. దేశం నుంచి ఫోన్ చేసి ఆమెను అక్కా అని పిలిచిన మగవాళ్లు ఇప్పటిదాకా ఎంతమంది?

చివరిగా ఒక సంగతి. మన రూమ్‌లో ఎవరైనా కన్నుమూస్తే అందరం ఒక్కటవుతాం. కాగితాల కోసం ఎంబసీకి ఒకరు, కంపెనీకి ఒకరు, ఇంటికి ఫోన్ చేసేది ఒకరు. ఎవరూ చెప్పకుండానే పనులు పంచుకుంటాం. పుట్టుక విషయంలో మాత్రం స్వీటు తిని ఎవరి బెడ్డు మీదికి వాళ్లం పోతాం. ఈ దేశంలో అనుమతి లేకుండా బయట చందాలు వసూలు చేయడం నేరం, మేం చెప్పేది అది కాదు. ఒకే ఊరి నుంచో, పక్క పక్క ఊళ్ల నుంచో వచ్చిన నలుగురం ఇక్కడ ఒకే రూమ్‌లో ఉంటాం. అక్కడ మన నాలుగు ఇళ్లూ ఒకరికొకరు తెలియనట్టే ఉంటాయి. ఆ నాలుగు ఇళ్ల ఆడవాళ్లనూ కలుపుదాం. ఒకామెకు నెలలు నిండుతుంటే మిగతా ముగ్గురూ వంతులవారీగా తోడుండేలా, రక్తం అవసరమైతే ఇచ్చేవాళ్లు ఎవరో ముందే తెలిసేలా మాట్లాడి పెడదాం. ఇక్కడ జీతం ఆలస్యమైన నెలలో కాన్పు వస్తే ఒకరికొకరం చేబదులు సర్దుకుందాం.

మంత్రసాని నుంచి ఆశా అక్క దాకా మన ఇంటి పురుళ్లన్నీ పదిమంది చేతుల మీదుగానే జరిగాయి. ఆ చేతుల్లో మన చెయ్యి మాత్రం లేదు. దూరాన ఉన్నా అది కలపవచ్చు. వచ్చే శుక్రవారం బిర్యానీ తిన్నాక, పడుకునే ముందు, ఆ మొదటి ఫోన్ చేద్దాం.